రెండు బ్యాటరీలు, ఒక డైనమో, 120 రూపాయల వైరు

కిందటి ఏడాది ఆగస్టులో ఒక ఆదివారం రాత్రి గుంటూరులో అక్కావాళ్లింటి నుంచి విజయవాడ పటమటలో మా ఇంటికి వస్తున్నాం. నాన్న పక్క సీట్లో, అమ్మ వెనక సీట్లో గోంగూర పచ్చడి డబ్బా ఒళ్లో పెట్టుకుని. కాజా టోల్‌గేటు దాటగానే వాన పట్టుకుంది. వైపర్లు వేశాను, అద్దం మసకేస్తోందని బ్లోయరు వేశాను, హెడ్‌లైట్లు ఎలాగూ వెలుగుతున్నాయి. మంగళగిరి వచ్చేసరికి ఆ వెలుగు పసుపు పచ్చగా మారింది. తాడేపల్లి దగ్గర వైపరు ఒక ఊపు ఊపి, కాసేపు ఆలోచించుకుని, మళ్లీ ఒక ఊపు ఊపుతోంది. బ్లోయరు ఆపేశాను. వారధి మీద ఎదురుగా లారీ వస్తే హారన్ కొట్టాను, గొంతు పట్టేసిన మేక అరిచినట్టు వచ్చింది. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే టక్, టక్, అంతే.

ఒక ఆటో అతను, ఇంకో కుర్రాడు కలిసి తోశారు, సెకండ్ గేర్లో క్లచ్ వదిలితే అందుకుంది, లైట్లు దాదాపు లేకుండానే ఇంటికి చేరాం. నాన్న దిగుతూ అన్నమాట: "బ్యాటరీ పోయిందిరా, మళ్లీ."

ఆ "మళ్లీ" దగ్గరే నాకు తిక్కరేగింది. ఎందుకంటే ఆ బ్యాటరీ వయసు అప్పటికి తొమ్మిది నెలలు.

బండి గురించి చెప్పాలి. మారుతి 800, 1998 మోడల్, ఏపీ 16 నంబరు. 1983 డిసెంబరులో మొదటి బండి రోడ్డెక్కి 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన మోడల్ కదా, మాది దానికి నడివయసులో పుట్టింది. కార్బురేటర్‌ది, మూడు సిలిండర్లు, 796 సీసీ, కంప్యూటర్ అనేదే లేదు. పదిహేనేళ్లు నిండాక ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకుంటూ వస్తున్నాం, 2023లో మూడోసారి అయింది. అమ్మేయమని చెప్పనివాళ్లు లేరు. నాన్న అమ్మడు. దాని మీద చర్చ మా ఇంట్లో ముగిసిపోయి చాలా కాలమైంది.

ఇప్పుడు లెక్క చూడండి. 2023లో ఒక బ్యాటరీ కొన్నాం. పధ్నాలుగు నెలలకే చచ్చింది. వారంటీ అడిగితే షాపాయన మీటరు పెట్టి చూసి, మీ బండిలో ఛార్జింగ్ సరిగా లేక పోయింది, దీనికి వారంటీ రాదు అన్నాడు. అప్పుడు కోపమొచ్చింది గానీ ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజమని తర్వాత తెలిసింది. ఇంకో బ్యాటరీ కొన్నాం. ఛార్జింగ్ లేదన్నారు కదా అని ఒక మెకానిక్ దగ్గరికి పోతే ఆయన డైనమో మార్చాలన్నాడు. ఇంజిన్ నడుస్తుంటే తిరుగుతూ కరెంటు పుట్టించి బ్యాటరీని నింపేది అదే. అసలు ఇందులో ఉండేది డైనమో కాదు, ఆల్టర్నేటర్. కానీ మన దగ్గర దాన్ని డైనమో అనే అంటారు, నేనూ అదే అంటాను. రీకండిషన్ చేసింది 3500 పెట్టి వేయించాం. పాతది ఊరికే పారేయడం ఎందుకని నాన్న తెచ్చి అటక మీద పెట్టాడు. రెండు బ్యాటరీలు, ఒక డైనమో, అయినా వారధి మీద మేక అరుపు.

ఆ మెకానిక్ డైనమో పని చేస్తోందా లేదా అని చూసిన పద్ధతి చెబుతాను, ఎందుకంటే మీరూ ఎక్కడో అక్కడ చూసే ఉంటారు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకేశాడు. బండి ఆగితే డైనమో పోయినట్టు, ఆగకపోతే బాగున్నట్టు. నిజం డైనమోలున్న పాత జీపుల కాలంలో ఎలా నడిచిందో గానీ ఆల్టర్నేటర్‌కి ఇది ప్రమాదం. దాన్నుంచి వచ్చే కరెంటుని బ్యాటరీ మెత్తలా పట్టుకుని సర్దుతూ ఉంటుంది, ఆ మెత్త ఒక్కసారిగా తీసేస్తే వోల్టేజి పైకి ఎగిరి లోపల డయోడ్లు, రెగ్యులేటర్ మాడిపోవచ్చు. కొత్త బండ్లలో అయితే ఈసీఎం, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ కూడా. ఎవరైనా మీ బండికి ఈ పరీక్ష చేయబోతే చెయ్యి పట్టుకుని ఆపండి, మొహమాటపడకండి.

సరే, మూడో బ్యాటరీకి డబ్బులు తీసే ముందు గవర్నర్‌పేట వెళ్లి 450 రూపాయలు పెట్టి ఒక డిజిటల్ మల్టీమీటర్ కొన్నాను. నాకు తెలిసింది ఇంటర్‌లో చదువుకున్న ఓమ్స్ లా ఒక్కటే. అదే చాలు అని తర్వాత అర్థమైంది.

మొదట పొద్దున్నే, బండి రాత్రంతా కదలకుండా ఉన్నాక, బ్యాటరీ మీద మీటరు పెట్టాను. డీసీ 20 వోల్టుల రేంజి. 12.2 వచ్చింది. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 పైన చూపించాలి, 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12 అంటే పావు మాత్రమే మిగిలినట్టు. వినడానికి ఇంతేనా తేడా అనిపిస్తుంది గానీ ఈ అర వోల్టులోనే కథంతా ఉంది. బండి ఆపిన వెంటనే చూస్తే మాత్రం నమ్మొద్దు, అప్పుడు ఎక్కువ చూపిస్తుంది. మూతలు తీసే రకం బ్యాటరీ అయితే హైడ్రోమీటర్ పెట్టి యాసిడ్ సాంద్రత చూడటం ఇంకా మంచిది. 1.260, 1.280 మధ్య ఉంటే నిండు, 1.200 అంటే దాదాపు సగం. ఆరు గదుల్లో అయిదు ఒకలా ఉండి ఒకటి బాగా తక్కువుంటే ఆ గది పోయినట్టే, దానికి ఏ డైనమో ఏమీ చేయలేదు. మాకు ఆరూ ఒకేలా, ఒకేలా తక్కువగా ఉన్నాయి. అంటే బ్యాటరీకి జబ్బు లేదు, ఆకలి.

తర్వాత స్టార్ట్ చేసి చూశాను. ఏమీ వేయకుండా 13.4. హెడ్‌లైట్లు, బ్లోయరు, వైపర్లు అన్నీ వేసి, కొంచెం రేజ్ చేసి పట్టుకుంటే 12.9. ఇదీ ఆ రాత్రి జరిగింది. ఛార్జింగ్ అంటే బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.5 దాకా ఉండాలి, 12.9 దగ్గర బ్యాటరీకి లోపలికి వెళ్లేది దాదాపు ఏమీ లేదు, సిగ్నల్ దగ్గర స్లో అయినప్పుడల్లా ఎదురు పెట్టుబడే. కొత్త డైనమో కూడా డొక్కుదేనని నాన్న తేల్చేశాడు. నేనూ అదే అనుకుని మర్నాడు బండి తీసుకుని ఆటోనగర్ పోయాను.

ఆటోనగర్ తెలియనివాళ్లకి ఒక మాట. లారీ బాడీల దగ్గర నుంచి ఇంజిన్ బోరింగ్ దాకా, రేడియేటర్ మాట్లు వేసేవాళ్ల దగ్గర నుంచి స్ప్రింగు పట్టీలు వంచేవాళ్ల దాకా అక్కడ లేని పని లేదు. అందులో ఒక సందు చివర, డైనమోలు, సెల్ఫులు విప్పి చుట్టే ఒక పెద్దాయన ఉన్నాడు, అరవై దాటి ఉంటాయి. నేను నా రీడింగులు చెప్పాను. ఆయన విని, "డైనమో మీద పెట్టి చూశావా?" అన్నాడు.

"బ్యాటరీ మీద పెట్టాను బాబాయ్."

"బ్యాటరీ చెప్పేది దానికి అందింది మాత్రమే. ఇచ్చేవాణ్ణి అడగవా?"

ఇంజిన్ నడుస్తూ, లైట్లన్నీ వేసి ఉండగా, మీటరు ఎర్ర వైరు డైనమో వెనక బోల్టుకి, నల్లది డైనమో బాడీకే ఆనించాడు. 14.3. అంటే డైనమో శుభ్రంగా ఇస్తోంది. ఇక్కడ 14.3, రెండడుగుల అవతల బ్యాటరీ దగ్గర 12.9. మధ్యలో 1.4 వోల్టులు ఎవరు తినేశారు?

బ్యారేజీ దగ్గర గేట్లెత్తి నీళ్లు వదిలినా చివరి భూములకి అందలేదంటే మనం ఏం చేస్తాం, కాలువ గట్టు మీద నడుచుకుంటూ ఎక్కడ పూడిందో చూస్తాం. అదే పని మీటరుతో. డైనమో వెనక బోల్టుకి ఒక కొస, బ్యాటరీ ప్లస్‌కి ఇంకో కొస పెట్టాడు, లైట్లన్నీ వేసి ఉండగానే. 0.15. ఫర్వాలేదు, 0.3 లోపు ఉంటే చాలు. తర్వాత బ్యాటరీ మైనస్ ముంతకి (టెర్మినల్‌కి) ఒక కొస, డైనమో బాడీకి ఇంకో కొస. ఇక్కడ దాదాపు సున్నా రావాలి, 0.2 దాటకూడదు. 1.25 వచ్చింది. ఆ రెండూ కలిపితే 1.4. కిరాణా కొట్టు లెక్క తేలినట్టు తేలింది.

"ఎర్ర వైరు అందరికీ కనపడుద్ది, బాడీని ఎవడూ వైరు అనుకోడు," అన్నాడాయన. కరెంటు వెళ్లిన దారిని అందరం చూస్తాం, తిరిగి రావడానికి దానికో దారి కావాలని మర్చిపోతాం. పొలానికి నీళ్లొచ్చే కాలువని తవ్వించి మురుగుకాలువని వదిలేసినట్టు. కారులో ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది, రబ్బరులో కరెంటు పోదు, కాబట్టి బాడీకీ ఇంజిన్‌కీ మధ్య జడలా అల్లిన ఒక రాగి పట్టీ వేసి కలుపుతారు. మా బండిలో బ్యాటరీ మైనస్ బాడీకి ఉంది, బాడీ నుంచి గేర్‌బాక్స్ బోల్టుకి ఆ జడ వైరు ఉంది. ఉంది అంటే, ఉండేది. ఆయన కింద దూరి వేలితో లాగితే సగం పోగులు ఊడొచ్చాయి, మిగిలినవి చిలుము పట్టి ఆకుపచ్చగా ఉన్నాయి. బాడీ వైపు కొస కింద వాషరు లేదు, బోల్టు పెయింటు మీదే బిగించి ఉంది.

అప్పుడాయన అడిగిన ప్రశ్న నేను జన్మలో మర్చిపోను. "ఈ మధ్య క్లచ్ కేబులు ఏమన్నా మార్చారా?"

మార్చాం. ఏడాదిలో రెండుసార్లు. రెండుసార్లూ బిగుసుకుపోయింది, రెండుసార్లూ డూప్లికేట్ కేబులని తిట్టుకున్నాం. ఆయన నవ్వి, స్పార్కు ఇచ్చే కాయిల్ దగ్గర సన్న వైరు తీసేసి ఇంజిన్ అందుకోకుండా చేసి, నన్ను సెల్ఫ్ కొట్టమన్నాడు. నాలుగైదు సెకన్లు, ఆగి మళ్లీ నాలుగైదు సెకన్లు. తర్వాత నా చెయ్యి పట్టుకుని క్లచ్ కేబులు మీద పెట్టాడు. టీ గ్లాసు బయట పట్టుకున్నంత వేడి! సెల్ఫ్ మోటారు లాగే కరెంటు వంద ఆంపియర్లు దాటుతుంది, అదంతా ఇంజిన్ నుంచి బాడీకి తిరిగి రావడానికి జడ వైరులో దారి లేక, లోహంతో ఇంజిన్‌నీ బాడీనీ కలిపేది ఇంకేముందో వెతుక్కుని క్లచ్ కేబులు, యాక్సిలరేటర్ కేబులు పట్టుకుని వస్తోంది. లోపల ప్లాస్టిక్ పొర కరిగి కేబులు పట్టేస్తోంది. నేను క్లచ్ తొక్కుతూ గట్టిగా ఉందే అనుకుంటున్న రోజుల్లో ఆ కాలి కింద ఉన్న తీగ మా బండికి ఎర్త్ వైరు ఉద్యోగం చేస్తోందన్నమాట.

ఇదంతా ఎప్పుడు మొదలైందో నాన్న, నేను కూర్చుని లెక్కేశాం. 2022 చివర్లో క్లచ్ ప్లేట్లు వేయించాం. క్లచ్ ప్లేట్లు వేయాలంటే గేర్‌బాక్స్ దించాలి, దించాలంటే ఆ జడ వైరు విప్పాలి. తిరిగి బిగించేటప్పుడు లాగి, మెలితిప్పి, వాషరు లేకుండా పెట్టేశారు. అక్కణ్ణుంచి కేబుళ్లు, బ్యాటరీలు, డైనమో, అన్నీ వరసగా. ఎవరినీ తిట్టే ఓపిక కూడా లేదు, అది చేసిన షెడ్డు ఇప్పుడు మూతపడింది కూడా.

కొత్త జడ వైరు 120 రూపాయలు. పెయింటు గీకి తెల్లటి ఇనుము కనపడేదాకా ఎమెరీ కాగితంతో రుద్ది, పళ్ల వాషరు వేసి బిగించి, పైన వాజలైన్ రాశాడు. వాజలైన్ బిగించాకే రాయాలి, ముందు కాదు. బ్యాటరీ ముంతల మీద తెల్లగా పేరుకున్నదంతా తినే సోడా కలిపిన వేడినీళ్లతో నేనే కడిగాను, మూతలు బిగించే ఉంచి, లోపల చుక్క పడకుండా. విప్పేటప్పుడు మైనస్ ముందు, పెట్టేటప్పుడు మైనస్ చివర. లేదంటే ప్లస్ విప్పుతున్న స్పానరు పొరపాటున బాడీకి తగిలితే నిప్పురవ్వలు లేచి మొహం మీదికొస్తాయి.

మళ్లీ కొలిచాం. మైనస్ వైపు 0.06. బ్యాటరీ దగ్గర లైట్లన్నీ వేసి 14.1. సెల్ఫ్ ఎలా కొట్టిందంటే, నాన్న ఉలిక్కిపడ్డాడు.

ఇంకో సంగతి, డ్యాష్‌బోర్డులో ఎర్ర బ్యాటరీ లైటు ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా వెలగలేదు. అదే నన్ను తప్పుదోవ పట్టించింది. ఆ లైటు ఆరిందంటే డైనమో కరెంటు పుట్టిస్తోందని అర్థం, బ్యాటరీకి అందుతోందని కాదు. తాళం తిప్పగానే వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరాలి. తాళం తిప్పినా వెలగకపోతే బల్బు పోయిందేమో చూడండి, చాలా పాత బండ్లలో డైనమో మేలుకోవడానికి కావాల్సిన మొదటి కరెంటు ఆ బల్బు గుండానే వెళుతుంది. రాత్రిపూట నడుస్తున్నప్పుడు మినుకుమినుకుమంటూ సన్నగా వెలుగుతుంటే మాత్రం డయోడ్ ప్లేటునో, అరిగిపోయిన కార్బన్లనో అనుమానించాలి. డయోడ్లు చూడటానికి మీటరు ఏసీ మీద పెట్టి బ్యాటరీ దగ్గర కొలవమంటారు, అర వోల్టు దాటితే తేడా అని. నేను ఇంట్లో నా మీటరుతో ప్రయత్నిస్తే ఇంజిన్ స్టార్ట్ చేయకుండానే 27 చూపించింది, వైర్లు అటూ ఇటూ మార్చి పెడితే సున్నా! చవక మీటర్లలో ఏసీ రేంజి డీసీని ఇలాగే చూసి కంగారు పెడుతుందట. దానికి మంచి మీటరే కావాలి.

అటక మీద ఉన్న పాత డైనమో కూడా పట్టుకెళ్లి చూపించాను. బెంచీ మీద తిప్పి చూశాడు. కార్బన్లు కాస్త అరిగాయి, అంతకుమించి రోగం లేదన్నాడు. 3500 రూపాయలు! నాన్నకి వారం దాకా చెప్పలేదు.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాం. నాలుగు రోజులు బండి తీయలేదు, అయిదో రోజు పొద్దున మీటరు పెడితే 12.2. గుండె జారింది. కానీ ఈసారి ఎక్కడ వెతకాలో కొంచెం తెలుసు. ఛార్జింగ్ బాగుంది, కాబట్టి ఆగి ఉన్నప్పుడు ఎవరో తాగుతున్నారు. మైనస్ వైరు విప్పి, ముంతకీ వైరుకీ మధ్య మీటరుని 10 ఆంపియర్ల రేంజిలో పెట్టాను. తలుపులు మూసి, లోపలి లైటు ఆరిందో లేదో అద్దంలోంచి చూసి. ఇలా పెట్టినప్పుడు పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టొద్దు, హెడ్‌లైట్లు వేయొద్దు, మీటరు కాలిపోతుంది. 0.18 వచ్చింది. ఇలాంటి పాత బండికి 0.02, 0.03 దాటకూడదు, కొత్త బండ్లకి కూడా 0.05 లోపే అంటారు. 0.18 అంటే రోజుకి నాలుగు ఆంపియర్ అవర్ల పైన, మా బ్యాటరీలో నిండుగా పట్టేది 35. నాలుగు రోజులకి సగం. లెక్క మళ్లీ సరిపోయింది, నాకు ఈ లెక్కలు సరిపోవడం మీద మోజు పుట్టింది.

ఫీజులు ఒక్కొక్కటే పీకుతూ మీటరు చూశాను. ఎక్కడ పీకితే అంకె పడిపోతుందో ఆ లైనులో దొంగ ఉన్నట్టు. అన్నీ పీకేశాను, అంకె 0.16 కన్నా దిగలేదు! మీటరు పాడైందేమో అని పది నిమిషాలు దాన్ని తిట్టాను. తర్వాత వెలిగింది, ఫీజులన్నీ పీకినా తాగుతోందంటే ఫీజు బాక్సు గుండా వెళ్లని లైను ఏదో బ్యాటరీ నుంచి నేరుగా ఉంది. ప్లస్ ముంత దగ్గర చూస్తే పెద్ద వైరుతో పాటు సన్నటి ఎర్ర వైరు ఒకటి కార్పెట్ కిందికి దూరింది. దాన్ని పట్టుకుని పోతే డ్రైవరు సీటు కింద, దుమ్ములో, 2009లో మా బావమరిది తన పెళ్లికి ముందు బిగించిన ఆంప్లిఫయర్. స్పీకర్లు ఎప్పుడో పోయాయి, అది మాత్రం పదిహేనేళ్లకు పైగా ఒక్కరోజు సెలవు పెట్టకుండా డ్యూటీలో ఉంది, చేత్తో ముట్టుకుంటే గోరువెచ్చగా. నాన్న ఉద్యోగం చేసినన్నాళ్లూ రోజూ బండి తీసేవాడు కాబట్టి అది తాగింది సాయంత్రానికి తిరిగి నిండిపోయేది. రిటైరయ్యాక బండి వారానికోసారి కదులుతోంది. ఫీజులన్నీ తిరిగి పెట్టి ఆ వైరు పీకేశాను, 0.02 కి పడింది, అది స్టీరియో గడియారానిది.

బావమరిదికి ఫోన్ చేసి చెబితే, "అది మంచి ఆంప్లిఫయర్ బావా, పారేయకు," అన్నాడు.

ఫ్యాన్ బెల్టు సంగతి పైపైన చెప్పి వదిలేస్తాను, అందరికీ తెలిసిందే. ఈ బండిలో ఫ్యాన్ తిప్పేది వేరే మోటారు, అయినా ఆ బెల్టుని ఫ్యాన్ బెల్టనే అంటాం. మధ్యలో బొటనవేలితో నొక్కితే ఒక సెంటీమీటరు దాకా దిగాలి. వదులైతే వానలో కీచుమంటుంది, ఛార్జింగ్ పడిపోతుంది. మరీ బిగిస్తే డైనమో బేరింగులు పోతాయి. ఇక మన ఊరి ఎండలు, రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, బ్యాటరీలో నీళ్లు ఏమవుతాయో చెప్పక్కర్లేదు. చలి బ్యాటరీ బలహీనతని బయటపెడుతుంది గానీ దాన్ని చంపేది వేడే. ఏప్రిల్ నుంచి పదిహేను రోజులకోసారి మూతలు తీసి ప్లేట్లు మునిగేదాకా డిస్టిల్డ్ వాటర్ పోయాలి, మినరల్ వాటర్ కాదు.

ఇప్పుడు ఆ మీటరు నాన్న స్వాధీనంలో ఉంది. పొద్దున వాకింగ్ నుంచి వచ్చి బానెట్ ఎత్తి కొలిచి, వంటింట్లో క్యాలెండర్ మీద పాల లెక్క పక్కన రాస్తాడు. నిన్నటిది 12.6. మొన్న పాలవాడు వచ్చి ఆ అంకెలు చూసి పన్నెండున్నర లీటర్లు ఎప్పుడు పోశానని అమ్మని అడిగాడట.

ఇంకా ఒకటి మిగిలింది. కుడి హెడ్‌లైటు ఎడమదానికన్నా మసగ్గా ఉంది. బ్యాటరీ దగ్గర 14.1 ఉన్నప్పుడు ఆ బల్బు సాకెట్ దగ్గర 11.8 మాత్రమే వస్తోంది, ఎడమ దాని దగ్గర 12.6. మా బండిలో హెడ్‌లైట్లకి రిలే, అంటే బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు అందించే స్విచ్చు, లేదు, కరెంటంతా స్టీరింగ్ పక్కన ఉన్న స్విచ్ గుండానే తిరిగి వస్తుంది. కాబట్టి రెండిటికీ కొంత పోవడం అర్థమైంది, కుడిదానికి ఆ పైన పోయే 0.8 ఎక్కడో ఇంకా పట్టుకోలేదు. లైటు వెనక ఎర్త్ బోల్టు ఒకటుంది, దాని చుట్టూ తుప్పు కనపడుతోంది. ఆదివారం విప్పుతాను.